రంగు డబ్బాల పుంటికూర

కంపెనోడు పారిపోయిండని
ముందుగాల చెప్పింది మెస్సు వంటోడు.
గ్యాస్ బండ అయిపోయింది, కొత్తది రాలే.
తర్వాత నీళ్ల ట్యాంకర్ రాలే.
ఆషాఢం, పొద్దుగాల ఏడింటికి
కరెంటు పోయింది.
మల్ల ముప్పై తొమ్మిది దినాలు రాలే.

షార్జా అవుతల సజా క్యాంపు, పద్నాలుగో రూము.
ఎనిమిది మంచాలు, పదకొండు మందిమి.
ఇనుప మంచం ముడితే
కాలిన పెనం ముట్టినట్టు.
దుప్పట్లు తడిపి మిద్దె మీద పరిస్తే
మా కండ్లు మూతపడకముందే
అవి ఎండిపోయేటియి.

ఏడు నెలల జీతమెంతో
గోడ మీద బొగ్గుతోని రాసిన.
రోజూ కూడిన.
అంకె మారదు, అయినా కూడిన.
పాస్‌పోర్టు ఎవని అల్మారల ఉన్నదో తెల్వదు.
రజిత ఫోన్ చేస్తే
"మంచిగున్న, డ్యూటీల ఉన్న" అంటుంటి.
గప్పుడు నాకున్న డ్యూటీ అదొక్కటే,
మంచిగున్న అనుడు.

భయం పులి లెక్క మీద పడదు.
బూట్లల్ల ఇసుక లెక్క అది,
ఎంత దులిపినా
వేళ్ల సందుల ఇంకింత మిగుల్తది.

ఒకనాడు పొద్దుమూకినంక
ఫ్యాను లేని ఫ్యాను కొక్కెం దిక్కు
శానాసేపు చూసిన.
ఎందుకు చూసిన్నో ఎవలికీ చెప్పలే.
పక్క మంచం షేర్ జమాన్,
స్వాత్ లోయ మనిషి,
ముప్పై ఏండ్లు షట్టరింగ్ కొట్టిన చేతులు,
నన్నేం అడగలే.
తన శాలువ తీసి
ఒక కొస నా మణికట్టుకు
ఒక కొస ఆయన మణికట్టుకు కట్టి
అటు మర్లి పండుకున్నడు.

నేను కదిలితే ఆయన లేసిండు.
ఆయన దగ్గితే నా చెయ్యి లేసింది.
తొమ్మిది రాత్రులు గట్లనే.
ఆయన మాట నాకు సగమే తెలుస్తది.
ముడి మాత్రం పూరా తెలుసు,
మాది సాలోళ్ల ఇల్లు,
తెగిన పోగును నాలిక తడితోని తడిపి
మగ్గం ఆపకుండ ముడేసేటోడు మా నాయిన.
సిరిసిల్లల చూసిన ఆ ముడి
ఈ ఎడారిల, నా చేతికి.

నలభయ్యోనాడు కోర్టు కాయిదం వచ్చింది.
జీతం కాదు, కరెంటు.
ఏసీ తుమ్మింది, దుమ్ము కక్కింది,
ముసలోని లెక్క గొణిగి గొణిగి
సల్లగయింది.
అందరూ పన్నంక, రాత్రి రెండింటికి
కిటికీ అవుతల టప్ అన్నది.
మల్ల టప్.
ఎవడో ఎప్పుడో పారేసిన రంగు డబ్బాల
పైపు నుంచి నీళ్లు.
ఉప్పు లేని నీళ్లు.
సెల్‌ఫోన్ లైట్లు పట్టుకొని పదకొండు మందిమి
అప్పుడే ఈనిన దూడను చూసినట్టు చూసినం.
మొఫిజుల్ వేలు ముంచి నాకిండు.
ఎవ్వరం నవ్వలే.

ఓదెలు ఔట్‌పాస్ మీద ఇంటికి పోయేటప్పుడు
నా మెత్త కింద ఒక పొట్లం పెట్టిపోయిండు.
గప్పుడు కోపమొచ్చింది,
తిననీకి బియ్యం లేవు, విత్తనాలెందుకని.
ఇసుకల చాయపత్తి పిప్పి కలిపి
ఇంకో డబ్బాల పోసి
పుంటి గింజలు జల్లిన.
షేర్ జమాన్ అట్టముక్క నీడ పెట్టి
పిల్లి రాకుండ కావలి కూసుండు.
"ఇదేం చెట్టు?" అన్నడు.
"పులుసు" అన్న.
అర్థం కాలే, తలూపిండు.

గోడ మీద అంకె గట్లనే ఉన్నది.
మూడు నెలలదే వచ్చింది, నాలుగు నెలలది
కోర్టుల తిరుగుతున్నది.
ఆ అంకె కిందనే ఇంకో లెక్క రాసిన,
రెండాకులు.
ఐదు.
పదకొండు.
నడుమ ఒకటి పురుగు తిన్నది, అదీ రాసిన.

ఇయ్యాల రజిత ఫోన్ చేసింది.
"ఏం చేస్తున్నవ్?"
"కూర తెంపుతున్న."
"ఇసుకలనా? ఏదీ, ఫొటో పెట్టు."
పెట్టిన.
ఎర్రటి కాడలు, నా చెయ్యి,
చేతి మీద శాలువ ఒరుసుకపోయిన చార.
"ఆ గీతేంది మణికట్టు మీద?"

జెరసేపు ఏమనలే.
అవుతల డబ్బాల టప్ అన్నది.
"పెద్ద కథ," అన్న,
"వచ్చినంక చెప్త."